డబ్బులు వెళ్ళాయి, కానీ చేరలేదు: ఎవరిని అడగాలి?



ఫీజులు కట్టే రోజుల్లో ఒక ఉదయం ఆరో తరగతి పాప స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. విప్పి చూస్తే, వాళ్ళ నాన్నగారు ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్‌ను జిరాక్సు షాపులో ప్రింటు తీయించి పంపారు. "డబ్బులు వెళ్ళాయంట టీచర్, కానీ రాలేదంట" అంది. నేను ఇంగ్లీషు టీచర్ని, ఫీజుల సంగతి నా పని కాదు. అయినా ఆ పాప మొహం చూసి కాగితం తీసుకుని అకౌంట్స్ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మొత్తం ఉంది, తేదీ ఉంది, ఆకుపచ్చ రంగు ఉండాల్సిన చోట జిరాక్సు నలుపు ఉంది. కావాల్సిన ఒక్కటి మాత్రం లేదు. కింద ఉండే 12 అంకెల నంబరు ప్రింటులో తెగిపోయింది.

ఈ నెల పత్రికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు ఆ కాగితమే గుర్తొచ్చింది. మన క్యాంపస్‌కు నందివెలుగు, తెనాలి, దుగ్గిరాల నుంచి, ఇటు రేపల్లె, బాపట్ల వైపు నుంచి కూడా పిల్లలు వస్తారు. ఇప్పుడు దాదాపు అందరూ ఫోన్ నుంచే ఫీజు కడుతున్నారు. అది ఆగిపోయినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరికి చేయకూడదో మనలో చాలామందికి తెలియదు. మా ఇంట్లో వాళ్ళకూ తెలియలేదు. ఆ కథ ముందు చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా దాంట్లోనే ఉంది.

మా పెదనాన్న నందివెలుగులో పసుపు వేస్తారు. పంట తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి దుగ్గిరాల యార్డుకు వేసే రోజుల్లో కూలీలు రేపల్లె వైపు నుంచి వస్తారు. వాళ్ళ మేస్త్రికి ఒక శనివారం సాయంత్రం ఫోన్‌లో 14,000 రూపాయలు పంపారు. ఖాతాలో డబ్బు తగ్గినట్టు మెసేజ్ వచ్చింది. మేస్త్రేమో రాలేదన్నాడు. అది రెండో శనివారం, బ్యాంకు సెలవు. కూలీలు వాకిట్లో కూర్చుని ఉన్నారు. పెదనాన్న తన బ్యాంకు పేరు, పక్కన కస్టమర్ కేర్ అని కొట్టి ఫోన్‌లో వెతికారు. పైన ఒక నంబరు కనిపించింది. దానికి ఫోన్ చేశారు.

అవతల మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడట. "సార్, మీ డబ్బు మధ్యలో ఇరుక్కుంది, పది నిమిషాల్లో వెనక్కి పంపిస్తాం" అన్నాడట. ఒక యాప్ వేసుకోమన్నాడు. అది వేశాక మన ఫోన్ తెరమీద కనబడేదంతా వాడికీ కనబడుతుంది. తర్వాత "రీఫండ్ కోడ్" అంటూ ఐదంకెల సంఖ్య ఒకటి చెప్పి, దాన్ని డబ్బు రాసే చోట కొట్టమన్నాడు. ఆ తర్వాత పిన్. ఒకసారి "ఎర్రర్ వచ్చింది" అని మళ్ళీ కొట్టించాడు. రెండుసార్లకు కలిపి 49 వేల పైన పోయింది. పెదనాన్న కొట్టింది కోడ్ కాదు, వాడికి పంపే మొత్తం.

ఆయన ఆ రాత్రి ఎవరికీ చెప్పలేదు. ఆదివారం చెప్పలేదు. సోమవారం సాయంత్రం మా పెద్దమ్మ అడిగితే చెప్పారు. అప్పటికి ఆ డబ్బు ఇంకెన్నో ఖాతాలు మారిపోయింది.

ఇందులో నన్ను బాగా బాధపెట్టేది ఒకటుంది. మేస్త్రికి చేరని ఆ 14,000 ఆదివారం రాత్రి తనంతట తానే పెదనాన్న ఖాతాకు తిరిగి వచ్చింది. ఎవరికీ ఫోన్ చేయకపోయినా వచ్చేది.

అది ఎందుకు తిరిగి వచ్చిందో తెలియాలంటే డబ్బు వెళ్ళే దారి కొంచెం తెలియాలి. మనం యూపీఐ అని పిలిచే ఈ పద్ధతి 2016లో మొదలైంది. దీన్ని నడిపేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, అంటే ఎన్‌పీసీఐ. మనం ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్ అని వాడే యాప్‌లు మన డబ్బు దాచుకునే చోట్లు కావు. అవి ఆర్డరు తీసుకునే కౌంటర్ల లాంటివి. మీరు పిన్ కొట్టగానే ఆ ఆర్డరు ఎన్‌పీసీఐకి వెళ్తుంది. అది మీ బ్యాంకును అడుగుతుంది, మీ బ్యాంకు డబ్బు తీస్తుంది. తర్వాత అవతలి వాళ్ళ బ్యాంకుకు చెబుతుంది, ఆ బ్యాంకు వాళ్ళ ఖాతాలో వేస్తుంది. వేశామన్న జవాబు అదే దారిలో మీ ఫోన్‌కు తిరిగి వస్తుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. మీ బ్యాంకు డబ్బు తీసేశాక అవతలి బ్యాంకు సర్వరు పలకకపోతే, డబ్బు "వెళ్ళింది, రాలేదు" అవుతుంది. 2025 ఏప్రిల్ 12న, అంతకుముందు మార్చి 26న దేశమంతటా యూపీఐ ఆగిపోయింది, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజు మళ్ళీ మళ్ళీ కొట్టకుండా ఉండడమే మంచిది. రెండుసార్లు కొడితే రెండూ ఇరుక్కోవచ్చు.

ఇలా మధ్యలో ఆగిన డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి రావాలో రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక సర్క్యులర్‌లో రాసిపెట్టింది. మనిషి నుంచి మనిషికి పంపినదైతే, పంపిన రోజు కాక మర్నాటి లోపు వెనక్కి రావాలి. షాపుకో, స్కూలుకో, ఆస్పత్రికో కట్టి, వాళ్ళకు అందినట్టు ఖరారు కాకపోతే, ఐదు రోజుల లోపు రావాలి. ఇవి క్యాలెండరు రోజులు. ఆదివారం, పండగ కూడా లెక్కలోకి వస్తాయి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు ఇవ్వాలి. మీరు అడిగేదాకా ఆగకుండా తనే ఖాతాలో వేయాలని కూడా అందులో ఉంది. ఉదాహరణకు, హాస్టల్లో ఉన్న అబ్బాయికి శుక్రవారం పంపిన డబ్బు ఆగిపోయిందనుకోండి. శనివారం లోపు మీకు తిరిగి రావాలి. మంగళవారం వచ్చిందంటే మూడు రోజులు ఆలస్యం, దానికి 300 రూపాయలు. మొత్తం పెద్దది కాకపోవచ్చు. కానీ ఈ నిబంధన పేరెత్తి అడిగే ఖాతాదారుకు కౌంటర్లో వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

కాబట్టి మొదటి పని ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. స్కూలు ఫీజు విషయంలో ఇది కష్టమేనని నాకు తెలుసు, చివరి తేదీ దగ్గర పడుతుంటుంది. అయినా వెంటనే రెండోసారి కట్టకండి. ముందు అకౌంట్స్ ఆఫీసుకు ఆ 12 అంకెల నంబరు చెప్పి, తమ వైపు వచ్చిందో లేదో చూడమనండి. కొన్నిసార్లు డబ్బు స్కూలు ఖాతాకు చేరే ఉంటుంది, రసీదు మాత్రమే ఆగుతుంది. అప్పుడు అది బ్యాంకు సమస్య కాదు, మా ఆఫీసు సమస్య.

ఆ నంబరు ఎక్కడుంటుందో చెప్పాలి. యాప్‌లో పాత చెల్లింపుల జాబితా తెరిచి, ఆ చెల్లింపు మీద నొక్కితే కింద యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ అనో, యూటీఆర్ అనో 12 అంకెలు కనిపిస్తాయి. యాప్ తనకోసం పెట్టుకున్న పొడుగాటి అక్షరాల నంబరు కూడా పక్కనే ఉండొచ్చు, అది వేరు. బ్యాంకులు వెతకగలిగేది ఈ 12 అంకెలతోనే. కాగితం మీద రాసుకోండి. స్క్రీన్‌షాట్ కన్నా అదే గట్టి ఆధారం. పైగా దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు కూడా ఉన్నాయి కాబట్టి, మీరు నిజం చెబుతున్నా అవతలివాళ్ళు బొమ్మను నమ్మకపోతే తప్పు పట్టలేం.

ఇక్కడ నా సబ్జెక్టు కూడా కొంచెం వస్తుంది. ఈ మధ్య ఎనిమిదో తరగతిలో పాఠం బదులు బ్యాంకు మెసేజ్‌లు బోర్డు మీద రాసి చదివించాను. డెబిటెడ్ అంటే మన ఖాతాలోంచి పోయింది, క్రెడిటెడ్ అంటే ఖాతాలో పడింది. ఇది చాలామందికి తెలుసు. చిక్కు ఎక్కడంటే, కొన్ని బ్యాంకుల మెసేజ్‌లో రెండు మాటలూ ఒకే వాక్యంలో ఉంటాయి: ఫలానా ఖాతా డెబిటెడ్, ఫలానా పేరు క్రెడిటెడ్. తొందరలో ఉన్న కళ్ళు ఒక మాటే చూస్తాయి. క్లాసులో చాలామంది పిల్లలు దాన్ని డబ్బు వచ్చినట్టు చదివారు. ఇంట్లో తాతయ్య మెసేజ్ చదివి పెట్టేది ఈ పిల్లలే. పెండింగ్ అంటే ఇంకా తేలలేదు అని, పోయిందని కాదు. ఫెయిల్డ్ అంటే జరగలేదు. రివర్సల్ అంటే బ్యాంకులు తమంతట తాము జరిగినదాన్ని వెనక్కి తిప్పడం. రీఫండ్ అంటే డబ్బు అందుకున్న షాపువాడు తిరిగి ఇవ్వడం. ఆగిపోయిన చెల్లింపుకు వచ్చేది రివర్సల్. దానికి మీరు కొట్టాల్సిన కోడ్ ఏదీ ఉండదు, నింపాల్సిన ఫారం ఏదీ ఉండదు. బెనిఫిషియరీ అనే పెద్ద మాటకు డబ్బు అందుకునే మనిషి అని మాత్రమే అర్థం.

గడువు దాటినా డబ్బు రాకపోతే, లేదా గడువుదాకా ఆగలేకపోతే, ఫిర్యాదు ఇవ్వాలి. అది మొదలుపెట్టాల్సింది యాప్‌లోనే, ఆ చెల్లింపు దగ్గరే. ఆ చెల్లింపు మీద నొక్కితే హెల్ప్ అనో, రైజ్ ఇష్యూ అనో, డిస్ప్యూట్ అనో ఒక బటన్ ఉంటుంది. యాప్‌ను బట్టి మాట మారుతుంది, పని ఒకటే. అక్కడి నుంచి ఇచ్చిన ఫిర్యాదు మీ 12 అంకెలను తనతోపాటే తీసుకెళ్తుంది, మీరు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అందుకే ఇది అన్నిటికన్నా భద్రమైన దారి అని నా అభిప్రాయం. మీరు ఎవరికీ ఫోన్ చేయలేదు కాబట్టి మిమ్మల్ని మోసం చేయడానికి ఎవరూ లేరు.

యాప్ కంపెనీ తేల్చకపోతే బ్యాంకు. ఇక్కడ రెండు బ్యాంకులు ఉంటాయని చాలామందికి తెలియదు. ఒకటి మీ ఖాతా ఉన్న బ్యాంకు. రెండోది ఆ యాప్‌ను యూపీఐకి కలిపే బ్యాంకు. మీ యూపీఐ ఐడీలో @ గుర్తు తర్వాత ఉండే అక్షరాలు దాన్ని చెబుతాయి. ఫోన్‌పేలో వైబీఎల్ అని ఉంటే యెస్ బ్యాంకు, గూగుల్ పేలో ఓకేఎస్‌బీఐ అని ఉంటే స్టేట్ బ్యాంకు. ఎన్‌పీసీఐ చెప్పే వరస ప్రకారం ముందు యాప్, తర్వాత ఆ కలిపే బ్యాంకు, తర్వాత మీ ఖాతా ఉన్న బ్యాంకు, ఆ తర్వాత ఎన్‌పీసీఐ. మామూలు మనిషికి మాత్రం యాప్ తర్వాత నేరుగా తన సొంత బ్రాంచికి వెళ్ళడమే సులువు. డబ్బు తీసింది ఆ బ్యాంకే, మీ ముఖం తెలిసింది కూడా అక్కడే.

బ్రాంచికి వెళ్ళినప్పుడు నోటిమాటతో తిరిగి రాకండి. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి: ఖాతా నంబరు, తేదీ, సమయం, మొత్తం, ఆ 12 అంకెలు. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. లేదా ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. "రెండు రోజులాగి రండి" అన్న మాటకు తేదీ ఉండదు, ముద్రకు ఉంటుంది. ఆ తేదీ ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెప్తాను.

ఇంకో చిన్న సంగతి. మన జిల్లాల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకు అనే అంటారు. 1923లో బందరులో పుట్టిన బ్యాంకు మీద ఆ ప్రేమ ఉండడం సహజమే. కానీ అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గుంటూరు వైపు ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు కూడా 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. పాత పేర్లతో ఫోన్‌లో కస్టమర్ కేర్ వెతికేవాళ్ళు మోసగాళ్ళకు తేలిగ్గా దొరుకుతారు. ఆ పేరుతో ఇప్పుడు బ్యాంకే లేదు కాబట్టి, ఆ పేరు పెట్టుకుని కనిపించే నంబరును ఎలా నమ్ముతాం? నంబరు కావాలంటే మీ డెబిట్ కార్డు వెనుక ఉంటుంది, కొత్త పాసుపుస్తకంలో ఉంటుంది, బ్యాంకు సొంత యాప్‌లో ఉంటుంది. ఈ మూడు చోట్ల తప్ప ఇంకెక్కడా వెతకకండి. యూపీఐ గురించి ఏదైనా తెలుసుకోవాలంటే 14431 అనే నంబరు ఉంది. డిజీసాథీ అంటారు, 2022లో మొదలుపెట్టారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. అది వివరాలు చెప్పేదే, మీ డబ్బు తిరిగి తెచ్చేది కాదు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు న్యాయంగా అనిపించకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళొచ్చు. ముద్ర వేసిన కాగితం కావాల్సింది ఇక్కడే, ఆ 30 రోజులు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచే. 2021 నవంబరు 12 నుంచి దేశం మొత్తానికి ఒకే పద్ధతి. వకీలు అక్కర్లేదు, రుసుము లేదు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ అనే సైటులో ఇవ్వొచ్చు. ఎలా ఇవ్వాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే తెలుగులో చెబుతారు. ముందు బ్యాంకుకు రాయకుండా నేరుగా ఇక్కడికి వెళ్తే మాత్రం తీసుకోరు.

ఇంతవరకూ చెప్పింది ఆగిపోయిన డబ్బు గురించి. పొరపాటున వేరేవాళ్ళకు పంపిన డబ్బు సంగతి వేరు. ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు కొట్టి పంపితే, యూపీఐ లెక్కలో ఆ చెల్లింపు సక్రమంగా జరిగినట్టే. మర్నాటి గడువు, వంద రూపాయల లెక్క దానికి వర్తించవు. యాప్‌లోనూ బ్యాంకులోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు, మీ బ్యాంకు అవతలి బ్యాంకు ద్వారా ఆ మనిషిని అడుగుతుంది. ఆ మనిషి ఒప్పుకోకుండా అతని ఖాతాలోంచి తీయడం బ్యాంకు చేతిలో లేదు. అందుకని ఇక్కడ జాగ్రత్తంతా పిన్ కొట్టకముందే. 2025 జూన్ 30 నుంచి యాప్‌లు అవతలి మనిషి బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరునే చూపించాలని నిబంధన పెట్టారు. మనం ఫోన్‌లో సేవ్ చేసుకున్న "మేస్త్రి", "పాల అక్క" కాదు. ఆ పేరు ఒక్క క్షణం చదవండి. ఫీజు కట్టేటప్పుడు స్కూలు పేరు కాకుండా ఒక మనిషి పేరు కనిపిస్తే ఆపేయండి, అది మా సిబ్బంది పేరైనా సరే. ఫీజు స్కూలు క్యూఆర్‌కే కట్టాలి, ఎవరి సొంత నంబరుకూ కాదు. చదువు ఫీజులకు, ఆస్పత్రి బిల్లులకు ఒకసారికి 5 లక్షల దాకా కట్టొచ్చని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో ప్రకటించింది. ఆ వీలు కూడా సంస్థ పేరున నమోదైన ఖాతాకే.

ఇక మోసం. పెదనాన్న విషయంలో జరిగింది ఇదే, దీని దారి పూర్తిగా వేరు. ఇందులో ఆగడం, వేచి చూడడం పనికిరావు. ఆగిపోయిన డబ్బుకు రోజులు లెక్కపెడతాం, దొంగ తీసుకెళ్ళిన డబ్బుకు నిమిషాలు లెక్కపెట్టాలి. 1930కి ఫోన్ చేయాలి. కేంద్ర హోంశాఖ నడిపే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ అది. మీరు చెప్పిన వివరాలు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం పోతుంది. ఆ డబ్బు ఇంకా ఆ ఖాతాలో ఉంటే దాన్ని కదలకుండా ఆపుతారు. మోసగాళ్ళు దాన్ని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు తోసి, ఏటీఎంలో తీసేస్తారు. మీ ఫోన్ ముందా, వాళ్ళు తీయడం ముందా అన్నదే ప్రశ్న. 1930 వెంటనే కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైటులో రాయొచ్చు, దగ్గరి పోలీసు స్టేషనుకూ వెళ్ళొచ్చు. అదే సమయంలో ఇంట్లో ఇంకొకరు కార్డు వెనుక నంబరుకు ఫోన్ చేసి, ఖాతా నుంచి చెల్లింపులు ఆపించాలి.

బ్యాంకు ఏం బాధ్యత తీసుకుంటుందన్నది మీరు చెప్పిన సమయాన్ని బట్టే ఉంటుంది. దీని మీద రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన నిబంధనల ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా, ఇంకెక్కడో లోపం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన మూడు పనిరోజుల్లోపు చెప్పినవాళ్ళకు నష్టం ఉండదు. మనమే పిన్ చెప్పడమో కొట్టడమో జరిగి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మన నష్టమే. చెప్పిన తర్వాత పోయినది బ్యాంకు భరించాలి. ఈ వాక్యాన్ని నేను పెదనాన్నకు చదివి వినిపించలేదు. ఆయన శనివారం రాత్రే చెప్పి ఉంటే ఎంత మిగిలేదో ఎవరూ చెప్పలేరు, బహుశా కొంత మిగిలేది. ఆయన చెప్పకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు. పదో తరగతి చదివిన మనిషి, యార్డులో లెక్క పైసాతో సహా చూసుకునే మనిషి, ఇలా మోసపోయానంటే పిల్లలు నవ్వుతారని అనుకున్నారు.

అందుకే ఇంట్లో పెద్దవాళ్ళ విషయంలో ఒక మాట. "ఎవడు చెయ్యమన్నాడు", "ఆ మాత్రం తెలియదా" అని ఒక్కసారి అన్నా చాలు, తర్వాతి మోసం మూడు రోజులు దాక్కుంటుంది. పిల్లలు కూడా అంతే. ఆటల యాప్‌లో ఏదో కొనబోయి డబ్బు పోగొట్టిన పిల్లవాడు తిట్లకు భయపడి చెప్పకపోతే, మీకు తెలిసేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు. ముందు 1930, కోపం తర్వాత.

మోసగాడి మాటల్లో మారనిది ఒకటే. డబ్బు రావడానికి మన చేత పిన్ కొట్టిస్తాడు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికీ, మిగిలినది ఎంతుందో చూసుకోవడానికీ తప్ప, డబ్బు రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. ఇది ఆరేళ్ళ పిల్లకు కూడా అర్థమయ్యే నియమం, నేను క్లాసులో అలాగే చెప్పాను. ఇదివరకు "మీకు డబ్బు పంపుతున్నాం, ఒప్పుకోండి" అని కలెక్ట్ రిక్వెస్టు పెట్టి లాగేవాళ్ళు. మనిషి నుంచి మనిషికి అలా అడిగే వీలును 2025 అక్టోబరు 1 నుంచి తీసేశారు. దారి మూస్తే వాళ్ళు ఇంకో దారి చూసుకుంటారు, తెర చూపించే యాప్‌లు అలాంటివే. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు ఎనీడెస్క్ పేరు చెప్పి మరీ హెచ్చరించింది. అసలు కస్టమర్ కేర్ ఏదీ మిమ్మల్ని ఇంకో యాప్ వేసుకోమని అడగదు. అడిగాడంటే ఫోన్ పెట్టేయండి, మర్యాద చూడక్కర్లేదు. మా పెదనాన్న మర్యాద కోసమే చాలాసేపు పెట్టేయలేదు.

ఆరో తరగతి పాప వాళ్ళ డబ్బు నాలుగో రోజున వాళ్ళ నాన్నగారి ఖాతాకే తిరిగి వచ్చింది. ఆయన మళ్ళీ కట్టారు, రసీదు తీసుకున్నారు. ఈసారి మీలో ఎవరికైనా ఇలా జరిగితే, కాగితం ఇచ్చి పిల్లల్ని ఆఫీసుకు పంపకండి. పిల్లల డైరీలో ఉన్న స్కూలు ఆఫీసు నంబరుకు మీరే ఫోన్ చేసి తేదీ, మొత్తం, ఆ 12 అంకెలు చెప్పండి. వాళ్ళు రాసుకుని, బ్యాంకు స్టేట్‌మెంటు చూసి మీకు జవాబు చెబుతారు. పిన్ గానీ ఓటీపీ గానీ అడగరు. ఎవరైనా అడిగితే అది మన స్కూలు కాదు.